రీలు లేదన్నావు

పోస్టుమాన్ ఇంకా మెట్లు దిగనేలేదు, గౌరీశ్వరి కవరు చించి చదివేసి, "ఫస్టు ప్రైజు!" అని వీధి గుమ్మంలోనే ఒక్క గెంతు గెంతింది. పెళ్ళయి నాలుగు నెలలైన బి.ఏ. కోడలు అలా పట్టీలు ఘల్లుమనేలా గెంతడం చూసి ఎదురింటి నూకాలు చంకలో బిందె దించేసింది.

"ఏటే గౌరమ్మా, నీల్లోసుకున్నావేటి?"

"ఛీ, కాదు పిన్నీ! నే తీసిన అత్త ఫొటోకి బహుమతొచ్చింది. రేపు పదకొండింటినుంచి ద్వారకా నగర్ హాల్లో గోడమీద ఉంటుందట. ఇంతెత్తు ఫొటో! ఎవరైనా వచ్చి చూడొచ్చట."

పెరట్లో చింతపండు పిసుకుతున్న అత్తగారు ఆదిలక్ష్మమ్మ ఆ చేతులతోనే వచ్చింది. "నా బొమ్మకేటి, బగుమానమా?" అని మోచేత్తో నోరు దాచుకుని నవ్వింది. "ఆ పట్టుకోక కట్టుకుని కుర్చీలో కూకున్నాను సూడు, అదే అయ్యుంటాది. ఆ రోజే అనుకున్నాను, బాగొస్తాదని."

గౌరీశ్వరి కవరు వెనక్కి దాచుకుంది. బహుమతి వచ్చింది ఆ ఫొటోకి కాదు.

భర్త గురునాథరావు స్టీల్ ప్లాంటు కడుతున్నచోట స్టోర్సులో గుమస్తా. పెళ్ళైన నెలకి వన్ టౌన్‌లో ఓడ సరుకులు అమ్మే కొట్లో ఒక పాత కెమెరా కొనిపెట్టాడు. అప్పటినుంచీ గౌరీశ్వరికి ఆ ఇంట్లో అన్నీ పండగే. కుళాయి కింద ఖాళీ బిందెల వరస, మొగుడి జుట్టులో హెల్మెట్టు చేసిన గుండ్రటి నొక్కు, బియ్యం చేటలో ఎండపొడ, దేన్నీ వదల్లేదు. ఒక్క అత్తగారితోనే చిక్కు. కెమెరా బయటికి తీస్తే చాలు, ఆవిడ పట్టుచీర కట్టుకుని, పౌడరు అద్దుకుని, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని రాయిలా బిగుసుకుపోయేది. పేపర్లో పడ్డ ఫొటోల పోటీకి కావలసినదేమో 'మా ఇంట్లో ఓ మామూలు రోజు'.

అందుకని గౌరీశ్వరి ఒక అబద్ధమాడింది. "రీలు అయిపోయిందత్తా. ఊరికే నొక్కి నేర్చుకుంటున్నాను" అంది. ఆవిడ నమ్మింది. రెండు రోజులు ఓరగా చూసి, మూడో రోజునుంచి కోడల్నీ కెమెరానీ పిల్లినీ ఒక్కలాగే వదిలేసింది. "ఆ కాళీ డబ్బాతో ఏటే నీ టకటకలు, చెవి దిబ్బడేత్తంది" అని వేళాకోళమాడేది. డబ్బా ఖాళీది కాదు. లోపల ముప్ఫై ఆరు ఫొటోల రీలుంది.

ఆ వారంలోనే సబ్బవరం నుంచి ఆవిడ తమ్ముడు తవిటయ్య, పెళ్ళాం పిల్లలతో చెప్పకుండా దిగాడు. చేపల పులుసు, వేడన్నం. తవిటయ్య మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకున్నాడు. గౌరీశ్వరీ రెండోసారి పెట్టుకుంది. "నువ్వు తినవేటక్కా?" అంటే, "నాను ముందే తినేసినాన్రా. తిను, తిను" అంది ఆదిలక్ష్మమ్మ. అందరూ వీధి అరుగుమీద కబుర్లలో పడ్డాక, గౌరీశ్వరి మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళింది. పెరటి గుమ్మంలో ఆవిడ నేలమీద కూర్చుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, అడుగంటిన మాడు వేళ్ళతో గీకి, గంజిలో ముంచుకుని తింటోంది. పైట జారిపోయి ఉంది. పెంకుల సందులోంచి ఒక వెలుగు చార సరిగ్గా ఆ చేతిమీద పడుతోంది. గౌరీశ్వరికి ఆ వెలుగే కనిపించింది. నొక్కేసింది. ఆకలి మాత్రం, స్టూడియోలో ఫొటో కడిగించి తెచ్చుకున్నాక కనిపించింది. కనిపించినా పంపింది.

ఇప్పుడు వీధంతా ఆదిలక్ష్మమ్మ గుమ్మంలోనే ఉంది. నూకాలు మొగుడు సబ్బవరం లారీ తోలతాడు. "ఓలమ్మ, మా తవిటయ్యకి కబురెట్టమ్మా! రేపు పదింటి బస్సుకి పిల్లల్తో వచ్చీమను. అక్క బొమ్మ ద్వారకా నగర్ ఆల్లో ఎడతన్నారని సెప్పు" అంటూ ఆవిడ నూకాలు చేతులు పట్టుకుంది. అప్పుడే చెప్పేయాల్సింది. గౌరీశ్వరి నవ్వింది. ఆ నవ్వు ఎంత సిగ్గుమాలినదో ఆమె బుగ్గలకే తెలిసింది.

మధ్యాహ్నం కంచంలో అన్నం గౌరీశ్వరి అలాగే వదిలేసి లేచింది. లారీ అప్పటికే వెళ్ళిపోయింది. దీపాల వేళకి అత్తగారు రేపటికని పట్టుచీర తీసి మడతలు సరిచేస్తుంటే ఇక తట్టుకోలేకపోయింది. పెట్టె అడుగున దాచిన ఫొటో తెచ్చి, ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇదత్తా. బహుమతొచ్చింది దీనికి."

ఆదిలక్ష్మమ్మ ఫొటోని దీపం దగ్గరికి తీసుకెళ్ళింది. కళ్ళు చికిలించి చూసింది. తెలియకుండానే పైట సర్దుకుంది.

"రీలు లేదన్నావు" అంది.

"అబద్ధమాడానత్తా."

తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది గౌరీశ్వరికి. కాళ్ళు పట్టుకోబోతే ఆవిడ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"నా పైట జారిందనీ, మాడు తిన్నాననీ కాదే. ఊరు సూత్తే సూడనీ. ఆడు, మా తమ్ముడు. ఆ దినం ఆనవాలు తెలీదేటి ఆడికి? ఆడి పిల్లలేసుకొచ్చిన సొక్కాలు నానే ఉతికి ఆరేసినాను, గుమ్మం పక్కన తాడుమీద కనపడతన్నాయి. అక్క కూడు తినీసినానని తెలిత్తే, ఇంక నా ఇంట మెతుకు ముడతాడా ఆడు?"

గౌరీశ్వరి ఫొటోలోకి చూసింది. తాడుమీద చిన్న చొక్కాలు రెండు. ఇన్నిసార్లు చూసి, అవి తను చూడనేలేదు.

"నేను రెండోసారి పెట్టుకున్నానత్తా ఆ రోజు."

"పెట్టుకుంటే ఏటి? పెట్టింది నానే కదా" అంది ఆవిడ విసుగ్గా. ఆ విసుగులోనే కాస్త మెత్తదనం వినిపించి గౌరీశ్వరికి ఏడుపొచ్చింది. "ఏడుపాపి సెప్పు. ఆ బొమ్మలెట్టే ఆలు తలుపులు ఎప్పుడు తీత్తారు?"

"ఎనిమిదింటికి. పటాలు తగిలించడానికి."

గురునాథరావు సైకిలు గోడకి ఆనించి, "ఏటమ్మా, వీధంతా మనింటి మాటే!" అంటూ లోపలికి వచ్చాడు. ఇద్దరి మొహాలూ చూసి ఆగిపోయాడు. ఎవరు చెప్తారా అని అటూ ఇటూ చూశాడు.

గౌరీశ్వరి కళ్ళు తుడుచుకుని తనే చెప్పింది. "రేపు పొద్దున్న ఏడింటి బస్సుకి నేనూ అత్తా ద్వారకా నగర్ వెళ్తున్నామండీ. ఆ ఫొటో వాళ్ళనడిగి నేనే దించేస్తాను, బహుమతి వద్దని సంతకం పెట్టి. మీరు పదింటికి బస్సు దగ్గర మీ మామయ్యని దింపుకుని తిన్నగా ఇంటికి తీసుకురండి. ఎందుకు దించానో ఆయనడిగితే, నేనే తప్పు చేశానని చెప్తాను."

"అడిగితే నాను సెప్తాను" అంది ఆదిలక్ష్మమ్మ. "నువ్వు ఏడింటికి తయారై ఉండు."