పడిపో, లమార్!

మా కార్వెల్ ఊళ్లో శరదృతువులో శనివారం మధ్యాహ్నం ఎవరి ప్రాణమూ పోకూడదు. పోతే పట్టించుకునే నాథుడుండడు. డాక్టరూ, జడ్జీ, పాస్టరూ అందరూ స్టేడియంలోనే ఉంటారు. ఊరి జనాభాకి రెండింతల మంది పట్టే స్టేడియం కట్టుకున్నాం మేం. కాన్పు కష్టమైతే మాత్రం పక్క జిల్లా ఆసుపత్రికి పరిగెత్తాలి.

మా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుని ముళ్ళపందులంటారు. అందుకని జనం స్పాంజి ముళ్ళున్న టోపీలు పెట్టుకుని, మొహాలకి పసుపు రంగు పూసుకుని, "గుచ్చు! గుచ్చు!" అని గొంతులు చించుకుంటారు. నేను పనిచేసే క్లినిక్‌లో పంటి డాక్టరుగారు వారమంతా రోగులతో ఎంత మెత్తగా మాట్లాడతారో! శనివారం ఆయన అవతలి జట్టు పిల్లాడి తల్లిని అనే మాటలు వింటే ఆయన చేతికి నోరు అప్పగించడానికి భయమేస్తుంది.

మా అక్క నెడ్రా మొగుడు లమార్ టిడ్వెల్ కూడా ఆ టోపీల మందలో ఒకడు. టైర్ల కొట్టు నడుపుతాడు. ఇంట్లో నోట్లో నాలుక లేని మనిషి. హోటల్లో తప్పు కూర తెచ్చిపెట్టినా మాట్లాడకుండా తినేసే రకం. స్టేడియంలో మాత్రం పందొమ్మిదేళ్ల పిల్లలు బంతి జారవిడిస్తే రెయిలింగు మీదికి వంగి బూతులు తిట్టే శూరుడు. వాళ్ల సీట్లు మైదానం మూలన, గోలు స్తంభాల పక్కన మొదటి వరుసలో ఉండేవి. తండ్రి నుంచి సంక్రమించిన ఆస్తి అదొక్కటే. పక్క సీటు చిన్ననాటి స్నేహితుడు హోయ్ట్ స్ట్రింగర్‌ది. ఆటకి ముందు పార్కింగు స్థలంలో హోయ్ట్ డేరా వేసి పొద్దున్నించీ పంది మాంసం పొగబెడతాడు. ఉడకబెట్టిన పల్లీలు నములుతూ, కాగితం కప్పుల్లో బర్బన్ విస్కీ పోసుకుంటూ, వీళ్లిద్దరూ కోచ్ ఏం చేయాలో తేల్చేస్తారు. కోచ్ వీళ్ల మాట ఒక్కనాడూ వినలేదు.

ముందటేడాది సొంతగడ్డ మీద చివరి ఆట. రెండు పాయింట్లు వెనకబడ్డాం. ఆట ముగియడానికి కొన్ని క్షణాలే ఉన్నాయి. మా కిక్కర్ బంతిని ఆ రెండు స్తంభాల మధ్య నుంచి తన్నితే మూడు పాయింట్లొచ్చి గెలుస్తాం. స్టేడియమంతా లేచి నిలబడింది. సరిగ్గా అప్పుడు లమార్ గుండె పట్టుకుని, హోయ్ట్ కాళ్ల మీద కూలిపోయాడు.

"హోయ్ట్! లమార్ పడిపోయాడు! ఎవర్నైనా పిలువు!" అని అక్క అరిచింది.

హోయ్ట్ మైదానం మీంచి చూపు తిప్పలేదు. "ఒక్క నిమిషం నెడ్రా, ఈ ఒక్క కిక్కూ అవనీ."

అక్క సీటెక్కి చేతులూపింది. వెనక వరుసల వాళ్లు, "కూర్చోమ్మా! అడ్డం! కనపడట్లా!" అని కసిరారు. చివరికి అవతలి జట్టు అభిమాని ఒకామె, ఎర్ర చొక్కాలో ఉన్న నర్సు, మెట్లు దూకుతూ వచ్చి లమార్ ఛాతీ మీద రెండు చేతులూ వేసి అదమడం మొదలుపెట్టింది. ఎర్ర చొక్కా మన వైపుకి వచ్చిందని జనం ఆమెని గోల చేశారు. వేరుశనగ తొక్కలు విసిరారు. మనిషిని బతికిస్తున్నవాళ్ల మీద!

స్ట్రెచరు మొదటి వరుస నుంచి రెయిలింగు మీదుగా మైదానంలోకి దించాల్సి వచ్చింది. రిఫరీలు ఆట ఆపారు. స్ట్రెచరు ఎక్కించిన చిన్న మోటారు బండి గడ్డి మీద నింపాదిగా వెళ్లిపోయేదాకా మా కిక్కర్ ఒంటికాలి మీద కాసేపు, రెండో కాలి మీద కాసేపు నిలబడ్డాడు. తర్వాత, గురి చెదిరిపోయాక, తన్నాడు. బంతి స్తంభానికి తగిలి బయటికి పోయింది. ఓడిపోయాం.

ఆసుపత్రిలో గుండె నాళాల్లో రెండు స్టెంట్లు వేశాక లమార్ కళ్లు తెరిచాడు. అక్క అతని చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది.

"స్కోరెంత?" అన్నాడు.

అక్క చెప్పింది. అతను గోడ వైపు తిరిగి ఏడ్చాడు. పక్కనున్న నర్సు, "పునర్జన్మ కదా, అలాగే ఏడుపొస్తుంది" అంది. ఆమెది ఈ ఊరు కాదు.

మా ఊళ్లో ఎవరి కుక్కకి జబ్బు చేసినా ఇంటికి వండిన కూరల గిన్నెలు వచ్చిపడతాయి. లమార్ ఇంటికి వచ్చాక ఒక్క గిన్నె రాలేదు. రేడియోలో ఆటల కార్యక్రమానికి జనం ఫోన్లు చేశారు. ఒకడు, "ఆయనెవరో పాపం బాగుండాలి. కానీ ఒక్క నిమిషం ఓర్చుకుంటే ఏం పోయింది?" అన్నాడు. ఇంకొకావిడ, "మా నాన్నకి రెండో అర్ధభాగంలో గుండెపోటొస్తే ఆట అయ్యేదాకా ఎవరికీ చెప్పలేదండీ. ఆ తరమే వేరు" అని గర్వంగా చెప్పింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టు, వ్యాఖ్యాత ఆమెకి ధన్యవాదాలు చెప్పాడు.

హోయ్ట్ పరామర్శకి వచ్చాడు. టోపీ తియ్యకుండానే గుమ్మంలో నిలబడి, "నీ తప్పేం లేదులేరా. మన డేరా దగ్గర కుర్రాళ్లు కూడా నిన్నేం అనట్లేదు. టైము బాలేదు, అంతే" అన్నాడు.

ఆ మాటకి లమార్ మంచం దిగి రేడియోకి ఫోన్ చేశాడు. నేను ఆ వేళ వాళ్ల వంటింట్లోనే ఉన్నాను. అక్క ఉప్పు లేని ఓట్స్ జావ కలుపుతోంది.

"నేను లమార్ టిడ్వెల్‌ని. కార్వెల్ ప్రజలకీ, జట్టుకీ, ముఖ్యంగా ఆ కిక్కర్ బాబుకీ క్షమాపణ చెప్పుకుంటున్నాను."

"మనిషన్నాక పొరపాటు చేస్తాడు లమార్" అన్నాడు వ్యాఖ్యాత, పెద్ద మనసు చేసుకుని. "వచ్చే ఏడు చూసుకుందాం."

అక్క జావ గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "వెల్డా, వీడు చచ్చి బతికినందుకు సారీ చెప్తున్నాడే" అంది నాతో.

ఆ చలికాలమంతా అక్క అతన్ని పసిబిడ్డలా సాకింది. స్నానం చేయించింది, మాత్రలు మింగించింది, వీధి చివరిదాకా చెయ్యి పట్టుకుని నడిపించింది. అరవకూడదు, ఉద్వేగపడకూడదు అని డాక్టరు చెప్పాడు. లమార్ బుద్ధిగా తలూపాడు. ఆగస్టు రాగానే బీరువాలోంచి ముళ్ళ టోపీ తీశాడు. అక్క పోట్లాడి పోట్లాడి అలిసిపోయి, నాలుక కింద పెట్టే మాత్రలు సంచిలో వేసుకుని తనూ బయల్దేరింది. బ్రాక్‌స్టన్ వాళ్లతో ఆటకి నన్ను కూడా రమ్మంది. "అక్కడ నాకొక మనిషి కావాలే" అంది.

ఆ రోజు ఒక్క పాయింటు ఆధిక్యంలో ఉన్నాం. మళ్లీ చివరి క్షణాలే. ఈసారి తన్నాల్సింది బ్రాక్‌స్టన్ కిక్కర్. దూరం కూడా పెద్దగా లేదు, కళ్లు మూసుకుని తన్నొచ్చు. మా వైపు జనం చేతులు జోడించి దేవుణ్ణి కూడా ముళ్ళపందుల్లో చేర్చుకునే పనిలో ఉన్నారు.

వెనక నించి ఎవడో అన్నాడు: "ఒరేయ్ లమార్, పడాల్సింది ఇప్పుడ్రా!"

నలుగురు నవ్వారు. హోయ్ట్ నవ్వలేదు. అతని కళ్లు మెరిశాయి. వెనక్కి తిరిగి, సీటెక్కి, రెండు చేతులూ పైకీ కిందికీ ఊపాడు. "పడిపో, లమార్! పడిపో, లమార్!"

ముందు మా వరుసలు అందుకున్నాయి. తర్వాత ఆ మూలంతా. తర్వాత విద్యార్థులు డోలుతో తాళం కలిపారు. సగం మందికి లమార్ ఎవరో తెలీదు, ఎందుకు పడాలో తెలీదు. అరవమన్నారు, అరిచారు. మా పంటి డాక్టరుగారు నోరు వెడల్పుగా తెరిచి అరవడం నేను చూశాను.

"పద లమార్, ఇంటికి పోదాం" అంది అక్క.

అతను వినలేదు. వెనక్కి తిరిగి ఆ జనాన్ని చూశాడు. పల్లకీ ఎక్కబోతున్న పెళ్లికొడుకు మొహం అది. పుట్టి బుద్ధెరిగాక అతని పేరు అంతమంది పిలవడం అదే మొదటిసారి. ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు, అదీ కుడివైపు. మోకాళ్లు ముడిచి, తల దేనికీ తగలకుండా జాగ్రత్తగా నేల మీదికి జారాడు.

అక్క ఒక్క ఉదుటున పక్కన కూలబడింది. మాత్ర తీసి అతని పెదాల మధ్య కుక్కబోయింది. లమార్ ఒక కన్ను తెరిచాడు.

"ఉండవే, ఉత్తిదే" అని గుసగుసలాడాడు. "ఆపారా? ఆట ఆపారా?"

ఆపారు. మోటారు బండి గడ్డి మీద వస్తోంది. అక్క మాత్రని సంచిలో వేసుకుంది. లేచి, మొగుణ్ణి దాటుకుని మెట్లెక్కసాగింది. నేను వెనకాలే పరిగెత్తాను. దారిలో మా చర్చి పాస్టరు తగిలాడు, చెంపల మీద పసుపు చారలు చెమటకి కారుతున్నాయి.

"బ్రదర్ ఎల్‌రాయ్, నా మొగుణ్ణి మీరు కూడా పడిపొమ్మన్నారా?" అంది అక్క.

"ఈసారి మనమే నెడ్రా, నా మనసు చెప్తోంది!" అన్నాడాయన, ఆమె తల మీదుగా మైదానంలోకి చూస్తూ.

మేం కారు దగ్గరికి చేరేసరికి స్టేడియం ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. ఆ వెంటనే పేలింది. బ్రాక్‌స్టన్ కుర్రాడు తప్పాడన్నమాట. తర్వాత టీవీలో చూపించారు: వాడు నేల మీద తల పట్టుకుని కూర్చున్నాడు, మావాళ్లు లమార్‌ని భుజాల మీద ఊరేగిస్తున్నారు.

సోమవారం లమార్ మా ఇంటికి వచ్చాడు, ఆ రోజు నాతో వచ్చేసిన అక్కని తీసుకెళ్లడానికి. ఛాతీ మీద "పడిపో, లమార్!" అని అచ్చేసిన చొక్కా తొడుక్కున్నాడు. హోయ్ట్ అప్పుడే డజన్ల కొద్దీ కొట్టించాడట. వాకిట్లో నిలబడే మాట్లాడుకున్నారు.

"జనం నన్ను ఎత్తుకుని తిప్పారు నెడ్రా. నువ్వు చూడాల్సింది."

"నేను నిన్ను బాత్రూముకి ఎత్తుకెళ్లాను లమార్. అప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు."

అతను బూట్ల వైపు చూసుకున్నాడు. "తప్పయిందిలే. ఇంక పడను."

"ఇంక వెళ్లనని చెప్పు."

చొక్కా మీది అక్షరాలు అరచేత్తో సాపు చేసుకున్నాడు. ఆలోచిస్తున్నాడనుకున్నాను, ఒక్క క్షణం నాకు కూడా ఆశ పుట్టింది.

"ఈ శనివారం పెద్ద ఆట" అన్నాడు చివరికి. "మనవాళ్లు నన్ను నమ్ముకుని ఉన్నారు. అదయ్యాక మాట్లాడుకుందాం."

అక్క తలుపేసింది.

ఆ శనివారం జనం అడగ్గానే పడ్డాడట. రిఫరీలు ఈసారి ఆట ఆపలేదు. అవతలి జట్టు నలభై పాయింట్ల తేడాతో గెలిచింది. వాడికి సరిగ్గా పడటం కూడా చేతకాదని తిట్టింది హోయ్టే. చొక్కాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు. లమార్ ఇప్పటికీ అదే సీట్లో కూర్చుంటాడు. ఎవరైనా మళ్లీ పిలుస్తారేమోనని ప్రతి ఆట చివర్లో వెనక్కి తిరిగి చూస్తాడని విన్నాను.

విడాకులు వచ్చేశాయి. అక్క నా దగ్గరే ఉంటోంది. శనివారం మధ్యాహ్నం మునిసిపల్ ఈతకొలను పూర్తిగా ఖాళీ. కాపలా పిల్ల కూడా చెవిలో రేడియో పెట్టుకుని మూలన కూర్చుంటుంది. ఈ వయసులో అక్క ఈత నేర్చుకుంది. ఇంకా బాగా రాదు, వెల్లకిలా తేలడం మాత్రం వచ్చింది. దూరంగా స్టేడియం హోరెత్తినప్పుడు చెవులు నీళ్లలో మునిగేలా తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుంటుంది.