ఇన్సాఫ్ యాస

అరబ్బు పట్నం ఇర్బిద్‌లో ఆడవాళ్ల సహకార సంఘానికి ఇన్సాఫ్‌ని అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు గానీ, నలుగురిలో నిలబడితే ఆమెకు మాటలు తడబడేవి. ఇలా లాభం లేదని, పుస్తకాల కొట్టు మేడ మీద నడిచే వక్తల క్లబ్బులో చేరింది.

క్లబ్బు అధ్యక్షుడు గస్సాన్, బ్యాంకు మేనేజరు. చేతులెక్కడ పెట్టుకోవాలో, ఎక్కడ ఆగాలో, ఎవరి కళ్లలోకి చూడాలో ఓపిగ్గా నేర్పాడు. ఇన్సాఫ్ చురుగ్గా అందుకుంది. మాటమాటకీ "యానీ, యానీ" అని, అంటే "అదే, అదే" అని నసగడం మానేసింది. పేచీ అంతా ఒక్కదానితోనే వచ్చింది.

"అక్కా, ఆ 'చ' వదిలెయ్యండి. కుక్కని 'కల్బ్' అనాల్సిన చోట 'చల్బ్' అంటారు. మీరు నోరు తెరిస్తే మాకు మేకల మందే కనిపిస్తుంది" అన్నాడు గస్సాన్.

"మా ఊర్ల మేకలే ఉన్నయి ఉస్తాజ్. యాడ దాచిపెట్టాలె?" అంది ఇన్సాఫ్, అతన్ని గురువుగారూ అని పిలుస్తూ.

అందరూ నవ్వారు, గస్సాన్ కూడా. "సరదాకి బాగానే ఉంటుంది. పోటీలో గెలవాలంటే మాత్రం పట్నం మాటే రావాలి" అన్నాడు.

ఆమెకూ గెలవాలనే ఉంది. ఇంట్లో అన్నం కూరిన ద్రాక్షాకులు చుడుతూ పట్నం మాట సాధన చేసింది. కూతురు రనీమ్ పడీపడీ నవ్వింది.

"అమ్మా, టీవీల వార్తలు చదివేటామె మన వంటింట్ల జొచ్చినట్టున్నది. నాకు బయమైతున్నది!"

పోటీ సాయంత్రం మేడ గది కిక్కిరిసింది. ఇన్సాఫ్ తన నాయనమ్మ గురించి ఎత్తుకుంది. మొదట్లో అంతా నున్నగా సాగింది. ముందు వరసలో గస్సాన్ తృప్తిగా తలూపుతున్నాడు. ఊళ్లో మగవాళ్లు మాత్రమే కూర్చునే మదాఫాలోకి ఆ ముసలమ్మ ఒంటరిగా వెళ్లి, వాళ్లిచ్చిన కాఫీ తాగకుండా కింద పెట్టేసిన ఘట్టం వచ్చింది. కోరింది ఒప్పుకునేదాకా వచ్చినవాళ్లు కాఫీ ముట్టకపోవడం అక్కడి ఆచారం. ముసలమ్మ అన్న మాటల్ని ఇన్సాఫ్ పట్నం భాషలో చెప్పింది. తన చెవికే అవి ఎవరో పరాయి మనిషి మాటల్లా వినిపించాయి. ఒళ్లు మండింది. ఆగిపోయింది.

"ఆగుండ్రి. మా నాయనమ్మ ఇట్ల మాట్లాడలె. ఆమె ఏమన్నదంటే, 'కాఫీ చల్లగైతే అయినియ్యుండ్రి. ఆడపిల్లలకు బడి పెడ్తమని మీ నోటితోని అనేదాంక నేను తాగ!'"

గడువు అయిపోయిందని బల్ల మీద ఎర్రదీపం వెలిగింది.

"దీపం కనబడుతున్నది నాకు. ఆమెకు ఎవ్వలు దీపం పెట్టలె. ఇది ఒడిసినంకనే దిగుత."

చెప్పాల్సిందంతా చెప్పి, నింపాదిగా దిగింది. గడువు దాటినందుకు న్యాయనిర్ణేతలు ఆమె పేరు కొట్టేశారు. బహుమతి ఒక కుర్ర లాయరుకి వెళ్లింది.

మెట్ల దగ్గర గస్సాన్ నొచ్చుకున్నాడు. "గెలిచే ప్రసంగాన్ని చేతులారా పాడుచేసుకున్నారక్కా!"

"ఎవరి ప్రసంగం గెలుస్తుండె ఉస్తాజ్? నాదా, మీదా?"

ఆ నెలాఖరున క్లబ్బు ఎన్నికలొచ్చాయి. ఏటా గస్సాన్ ఒక్కడే నిలబడేవాడు. ఈసారి ఇన్సాఫ్ లేచి తన పేరు తనే చెప్పుకుంది. బలపరిచేవాళ్లెవరని అడిగితే అందరూ గస్సాన్ వైపు చూశారు. చివరికి, ఎప్పుడూ మూలన కూర్చునే హైఫా అనే నర్సు చెయ్యెత్తింది.

"నేనున్నా. మాదీ పల్లె యాసే. అందుకే ఇన్నాళ్లూ నోరు మూసుక్కూర్చున్నా" అంది.

గస్సానే గెలిచాడు, కానీ నాలుగైదు చేతుల తేడాతోనే. పెద్దమనసు చేసుకుని, "అక్కా, అతిథి మర్యాదలు మీరు చూసుకోండి. మీ చేతి కాఫీకి తిరుగుండదు" అన్నాడు.

"కాఫీ పోసేటందుకు నేను ఈడికి రాలె. వచ్చే ఏడు మల్ల నిలబడత. మీరు గూడ మంచిగ తయారుగాండ్రి."

హైఫా పకపకా నవ్వింది. ఇన్సాఫ్ ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ముందు వరసలో తన పక్కన కూర్చోబెట్టుకుంది.