మడతలో పడ్డ మొహం

నమూనా పుస్తకం తెరవగానే బొమ్మలావిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు, ఇంత ఘోరం ఎన్నడూ చూడలేదు. పదమూడో బొమ్మలో అమ్మ మొహం సరిగ్గా రెండు పేజీల మధ్య మడతలో పడింది. కళ్ళూ ముక్కూ కుట్టులోకి జారిపోయి, ఇటొక చెవి, అటొక చెవి మిగిలాయి.

"కళ్ళు మూసుకుని కుట్టావా బాబాయ్?" అని బైండరు మీద విరుచుకుపడింది. "రేపు పొద్దున్నే అచ్చుకెళ్ళాలి ఇది!"

బాబాయి తొణకలేదు. చేతికంటిన జిగురు గుడ్డకు తుడుచుకుని, ఆవిడ ఫైలే తెచ్చి బల్ల మీద పరిచాడు. పన్నెండు బొమ్మలకు పన్నెండు పెన్సిలు చిత్తులు. ప్రతిదానిలో నడిమధ్య మడత గీత, అక్షరాలకు వదిలిన ఖాళీ, మనుషులు ఎటువైపు నిలబడాలో గుర్తులు.

"పదమూడోదానికి చిత్తు ఏదమ్మాయ్?"

వేస్తే కదా ఉండడానికి! చిత్తు లేకుండా రంగు ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానని శిష్యుల్ని హడలగొట్టే మనిషి, ఆ ఒక్క బొమ్మకు మాత్రం నేరుగా కుంచె పట్టింది. అమ్మ పోయి ఏడాది. బతికున్నన్నాళ్ళూ "లోకంలో అందరి బొమ్మలూ వేస్తావు, నాదెప్పుడే?" అని దెప్పేది. "నీ మొహం నాకు కంఠతా, ఎప్పుడైనా వేసేస్తాలే" అని కూతురు తప్పించుకునేది. చివరికి ఈ పుస్తకంలో, పిల్లలకు కథ చెప్పే ముసలమ్మగానైనా అమ్మను కూర్చోబెట్టాలనుకుంది. కంఠతా వచ్చినదానికి చిత్తెందుకని పొగరు.

తప్పు తనదేనని తెలిశాక కోపం తగ్గకపోగా రెట్టింపయింది. కుర్చీ బర్రున లాక్కుని, కాగితం మీద మడత గీత గీసి, కుడి పేజీలో అమ్మ మొహానికి గుండ్రం చుట్టింది. కళ్ళు, ముక్కు, నవ్వు. చెంప దగ్గర పెన్సిలు ఆగిపోయింది. సొట్ట ఏ వైపు? రంగుల్లో అయితే నీడలేసి నెట్టుకొచ్చింది. పెన్సిలు గీత దగ్గర ఆ దొంగాట కుదరదు.

తమ్ముడికి ఫోన్ చేసింది. "ఒరేయ్, నవ్వితే అమ్మకి ఏ చెంప సొట్టపడేదిరా? తొందరగా చెప్పి చావు."

"అమ్మకి సొట్టేంటక్కా? అది పెద్దమ్మకి."

"నోర్ముయ్! అమ్మ మొహం నాకు తెలీదా?"

"తెలిస్తే నన్నెందుకు అడిగావు?"

ఫోన్ పెట్టేసి కాగితం ఉండచుట్టి గోడకేసి కొట్టింది. బాబాయి గుడ్డ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"అచ్చు ఆపమని చెప్పు బాబాయ్."

"ఇప్పుడాపమంటే ఊరుకుంటారా? అంత కొంప మునిగేదేముంది?"

"ఆపమన్నానా!" అని అరిచింది. "మా అమ్మ ఎలా ఉంటుందో నాకు తెలీదు."