చింతపండు పడ్డ బిళ్ళలు

నకిరేకల్ బస్టాండు ఎనుక నాది రాగి, ఇత్తడి గిన్నెల దుకాణం. పేరు దామోదర్. ముప్పై ఏండ్ల సంది పాత పైసల బిళ్ళలు గూడ కొంటున్న. నిజాం కాలపు రాగి పైస చేతికొస్తే దాని పుట్టుపూర్వం అంత చెప్తనని నాకు మస్తు గర్వముండె. ఇప్పుడు లేదు. ఎందుకు లేదో చెప్త, జర ఓపిక పట్టుండ్రి.

రాగి బిళ్ళను అంచనా కట్టుడంటే రెండు సంగతులు. ఒకటి, ఎంత అరిగిందని. అక్షరం, అంచు, ముద్ర వేలికి తగలాలె. రెండోది రంగు. టంకసాలల కొట్టిన నాటి ఎరుపు అట్లనే ఉంటే అది మొదటి జాతి. సగం ఎరుపు, సగం గోధుమ అయితే రెండోది. మొత్తం గోధుమకు తిరిగితే మూడోది, అది గూడ మంచిదే. పచ్చగ చిలుము పట్టింది ఆకరిది. వీటన్నిటికంటె కింద ఇంకోటుంటది, తోమిన బిళ్ళ. మా దిక్కు ఆడోళ్ల చేతికి రాగి దొరికిందంటే చాలు, చింతపండు, ఉప్పు, కొబ్బరి పీసు. దేవుని చెంబు తోమినట్టు తోమి తెస్తరు. "మంచిగ కడిగి తెచ్చిన సేటూ" అంటరు పైనుంచి. తల గోడకు కొట్టుకోవాలనిపిస్తది. నూరేండ్ల రంగు ఒక్క నిమిషంల పాయె.

అసలు ఎరుపుకు, తోమిన ఎరుపుకు తేడా ఒక్కటే. అసలు దాన్ని వెలుతుర్ల తిప్పితే ఒక మెరుపు గీత బిళ్ళ మీద గుండ్రంగ తిరుగుతది. తోమితే ఆ మెరుపు సస్తది, ఎరుపు మిగుల్తది. గంతే.

నాలుగేండ్ల కింద ఎండకాలంల సైదమ్మ, ఆమె పెనిమిటి మైసయ్య నా దుకాణానికొచ్చిండ్రు. నార్కట్‌పల్లి అవతల ఊరు వాళ్లది. గొర్ల మంద ఉన్న గొల్లోళ్లు. మైసయ్య తండ్రి గొర్లు తోలుకొని అమ్రాబాదు అడివికి పోయే రోజులల్ల ఎనిమిది కొత్త పైసలు బర్రె కొమ్ముల పెట్టి, తేనె మైనం తోటి మూతి మూసి, ఇంటి గోడల దాసిండట. ఆ ఏడు చెడగొట్టు వానకు ఆ గోడ కూలింది. కొమ్ము సైదమ్మకు దొరికింది. పైసలు తీసి పాత చీర గుడ్డల చుట్టి సందుగుల పెట్టింది. రెండు నెలలైనంక మొగడు పోదాం పా అంటే పట్టుకొచ్చింది.

ఒక బిళ్ళ తీసి ట్యూబులైటు కింద తిప్పిన. ఎర్రగ ఉన్నది. మెరుపు మాత్రం తిరుగుత లేదు. ఇంకోటి తీసిన. అదీ గంతే. ఎనిమిదికి ఎనిమిది గంతే.

"ఎప్పుడు తోమినవమ్మా?" అన్న.

"తోమలె" అన్నది సైదమ్మ.

"నాకు చెప్తున్నవా? చింతపండు తోటి రుద్ది పెట్టినవ్. బంగారం లెక్క ఉండేటియి నాశనం చేసినవ్."

"లేదు సేటూ. కొమ్ములకెల్లి తీసిన, గుడ్డల చుట్టిన. నీళ్లు గూడ తాకియ్యలె."

మైసయ్య ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆమె మొఖంలకు చూసిండు, మల్ల నా దిక్కు తిరిగిండు. "మా నాయిన కడుపు కట్టుకొని దాసినయ్. నువ్వేమంటవ్ సేటూ, నిజం చెప్పు" అన్నడు.

తోమలేదేమో అంటే పోయేది. ఇంకోలకు చూపియ్యిండ్రి అంటే పోయేది. నేను గట్ల అంటనా. "బిళ్ళ అబద్ధమాడదయ్యా, మనిషాడుతది. తోమింది" అన్న. తోమిన బిళ్ళల ధరకే తీసుకొని, డబ్బలేసి, మూత పెట్టిన. నోరా వీపుకు తేకే అంటరు గదా, నా నోరు వేరేటోళ్ల వీపుకు తెచ్చింది.

పది రోజులకు సైదమ్మ ఒక్కతే వచ్చింది. దుకాణం మెట్టు మీద నిలబడ్డది, కూసోమంటే కూసోలె.

"ఆయన నా చేతి బువ్వ తింటలేడు సేటూ. మంద కాడనే రాళ్లు పెట్టుకొని వండుకుంటుండు. తోమినందుకు కాదట, అబద్ధమాడినందుకట. ముప్పై ఏండ్ల కాపురం మాది. ఇంకోసారి చూడు. జర మంచిగ చూసి, నీ నోటితోని ఆయనకు ఒక్క మాట చెప్పు."

ఆమె అడిగింది ఒక్క మాట. నేను డబ్బ తీసిన, ఒక బిళ్ళ ఇట్ల తిప్పిన, అట్ల తిప్పిన, లోపలేసిన. "నూరు సార్లు చూసినా గదేనమ్మా" అన్న. ఆమె కొంగు సర్దుకొని పోయింది. పోయినంక నా భార్య లీలమ్మ అన్నది, "ఆమె కండ్లల్ల అబద్ధం కనపడుత లేదయ్యా" అని. నాకు కోపమొచ్చింది. బిళ్ళల సంగతి నీకేమెరుక అని కసిరిన. కండ్లు నెత్తికెక్కినోనికి ఎదుట ఏమున్నదో ఏం కనపడతది.

మొన్న చలికాలం లీలమ్మ నన్ను నల్గొండ దవాఖానకు గుంజుకపోయింది. మాసిన అంగీ తెల్లగున్నదని ఏసుకొని పెండ్లికి తయారైన, అందుకు. రెండు కండ్లల్ల మోతిబిందు, శుక్లాల పొర, ముదిరి ఉన్నది. ఎన్నేండ్ల సందో ఉండొచ్చు, రంగులు, మెరుపులు తేడాగ కనపడుతుండెనేమో అన్నడు డాక్టరు. నాకు నవ్వొచ్చింది గా మాటకు. ఆపరేషనయినంక పట్టి ఇప్పితే మా ఇంటి గోడ తెల్లగున్నది. నేను ఇన్నొద్దులు పసుపు సున్నం అనుకుంటున్న.

దుకాణం తెరిచిన మొదటి రోజే డబ్బ యాదికొచ్చింది. పట్నం బేరగాడు తోమినయ్ తీసుకోడు, అందుకే అట్లనే ఉన్నయ్. గడప మీద ఎండల కూసొని ఒక బిళ్ళ తీసి తిప్పిన.

మెరుపు గీత తిరిగింది. సక్కగ, గుండ్రంగ, అంచు పొంటి తిరిగింది. రెండోది తిప్పిన, మూడోది తిప్పిన. ఎనిమిదికి ఎనిమిది తిరిగినయ్. నా జన్మల గంత మంచి రాగి చూడలె. బిళ్ళ కింద పడుతదని ఒళ్లె పెట్టుకున్న.

తెల్లారి మొదటి బస్సెక్కిన. ఇల్లు అడుక్కుంట పోతే సైదమ్మ వాకిట్ల కంది పప్పు చెరుగుతుంది. నొసట బొట్టు లేదు.

"పోయిన వానకాలం పోయిండు" అన్నది. "గుండె నొప్పొచ్చింది, మంద కాడనే."

నేను బిళ్ళలు ముందల పెట్టిన. తప్పు నాదే, నా కండ్లది, నువ్వు తోమలె, అసలు ధర ఎంతయితదో అంత ఇస్త, అని ఏందేందో అన్న. ఆమె బిళ్ళల దిక్కు చూడలె. చాట పక్కకు పెట్టింది.

"మూడు నెలలు తినలె ఆయన" అన్నది. "మనిషి సగమైండు. నాలుగో నెల్ల నేనే పోయి, తోమిన, అబద్ధమాడిన, తప్పయింది అన్న. ఎట్ల తోమినవ్ అని అడిగిండు. ఇంత చింతపండు నానబెట్టిన, ఉప్పేసిన, పీసుతోని రుద్దిన అని చెప్పిన. గప్పుడు ఇంటికొచ్చి తిన్నడు. మాఫ్ చేసిండు. సచ్చేదాక మంచిగనే ఉన్నడు నాతోని."

తన చేతులు చూసుకున్నది. "ఆయన అడిగినప్పుడల్ల చెప్పిన గదా. చెప్పంగ చెప్పంగ నాకే చేతులకు పులుపు వాసన వచ్చుడు సురువైంది. నిజంగనే తోమిన్నేమో, యాది లేదేమో అనుకున్న. ఇప్పటిదాక గట్లనే అనుకుంటున్న. అంటే... నేను తోమలేదా సేటూ?"

"లేదమ్మా" అన్న. నాకు ఏడుపొచ్చింది, దాసుకోలె.

ఆమె లేసింది. నన్ను ఎంటబెట్టుకొని చెలకల ఒడ్డుకు తీస్కపోయింది. ఆడ మన్ను పోసిన సమాధి, నాలుగు దిక్కుల రాళ్లు.

"నాకు చెప్తే ఏమొస్తది. ఆయనకు చెప్పు" అన్నది.

చెప్పులిడిసి నిలబడ్డ. "మైసయ్యా, సైదమ్మ బిళ్ళలు తోమలె. నీకు అబద్ధమాడలె. నాకే కండ్లు కనపడలె" అన్న.

"జర గట్టిగ చెప్పు" అన్నది సైదమ్మ. "ఆకరికి చెవులు తక్కువైనయ్ ఆయనకు."

గట్టిగ చెప్పిన. మల్ల చెప్పమన్నది, మల్ల చెప్పిన.