ఆయన పేరు మీద ఒక చలికాలం

ఇస్త్రీ చేసిన చొక్కాను మంచం మీద పరిచి, భుజం నుంచి భుజానికి టేపు పెట్టి కొలుస్తుండగా మా అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు వినబడుతూనే ఉంది. మావారు బయటికి రావడానికి ఇంకా సమయముంది. అయినా నా చేతులు, పరాయి ఇంట్లో అలమర తెరిచిన మనిషి చేతుల్లా, ఆ టేపును చటుక్కున దిండు కిందికి తోసేశాయి.

"ఏంటమ్మా, మావాడేమన్నా లావయ్యాడా?"

"లేదండీ. కొత్త చొక్కా కుట్టిద్దామని."

"వాడికి చొక్కాలకేం కొదవ. ఆ అలమర తలుపే పడటం లేదు" అని ఆవిడ వెళ్ళిపోయారు. నేను మళ్ళీ మొదటి నుంచి కొలిచాను. కొలత తప్పు రాయడం నా వృత్తిలో నేరం. అబద్ధం చెప్పడం మాత్రం ఆ వారమే నేర్చుకుంటున్నాను.

నేను కొలుస్తున్నది చొక్కా కోసం కాదు, ఉన్ని కోటు కోసం. మావారు ఆ చలికాలంలో ఉద్యోగ విరమణ చేయబోతున్నారు. ఆయనకు తెలియకుండా, మంచు పడే ఒక దూరపు నగరంలో నాలుగు రోజులకు ఆయన పేరు మీదే హోటల్ గది తీసుకున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేమిద్దరమే కలిసి ఏ ఊరికీ వెళ్ళింది లేదు. చలికాలంలో అసలు కదిలిందే లేదు. మా ప్రయాణాలన్నీ వేసవిలోనే జరిగాయి: పెళ్ళిళ్ళకు, కాన్పులకు, బంధువుల ఆపరేషన్లకు. అక్కడికి చేరగానే మగవాళ్ళు వరండాలో కుర్చీలు వేసుకునేవారు, నేను చీర కుచ్చిళ్ళు దోపుకొని లోపలికి నడిచేదాన్ని. ప్రయాణమంటే నా వరకు పొయ్యి మారడమే.

నేను ఒక పెద్దాసుపత్రి ల్యాబులో మైక్రోస్కోపు కింద రక్తపు చుక్కలను చూసే ఉద్యోగం చేస్తున్నాను. ఇంట్లో ఆ ఉద్యోగానికి దక్కిన గుర్తింపు ఒక ముద్దుపేరు: డాక్టరమ్మ. అత్తగారికి కాళ్ళు లాగుతున్నప్పుడు ఆ పిలుపులో ఆప్యాయత ఉంటుంది. నేను ఆలస్యంగా ఇల్లు చేరిన సాయంత్రాల్లో అదే పిలుపులో వెటకారం ఉంటుంది. ఒకే మందు, గొంతును బట్టి తీపో చేదో అవుతుందన్నమాట.

మా ల్యాబుకు అధిపతి నాకంటే బాగా చిన్నవాడైన డాక్టరు. నేను ఆయన్ను 'సర్' అంటాను, ఆయన నన్ను 'అమ్మా' అంటారు. ఆ 'అమ్మా' తర్వాత ఎప్పుడూ ఒక అదనపు పని ఉంటుంది. సెలవు కావాలని అడిగినప్పుడు ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఈ రద్దీలో నాలుగు రోజులంటే ఎలాగమ్మా? ఇంట్లో ఎవరికైనా బాగాలేదా? అత్తగారికా?"

 నా తల అవునన్నట్టు ఊగింది.

"అయ్యో, ఆ మాట ముందే చెప్పొద్దూ! వెళ్ళిరండి. అవసరమైతే ఇంకో రోజు ఉండండి."

గుండ్రాయిలా ఉన్న అత్తగారిని మంచాన పడుకోబెట్టి వచ్చానన్న సిగ్గుతో ఆ పూట స్లయిడ్లు ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. కాని సిగ్గు అడుగున మరొకటి కదిలింది. నా ఉద్యోగ జీవితంలో తీసుకున్న సెలవులన్నీ ఎవరో ఒకరి జ్వరం మీద తీసుకున్నవే. వాటిలో ఒక్కదాన్నీ ఎవరూ కాదనలేదు. నా సెలవు మంజూరు కావాలంటే ఎవరో ఒకరు మూలగాలి.

ఆ నగరాన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, అక్కడొక చిన్న మ్యూజియంలో పాతకాలపు మైక్రోస్కోపులను భద్రపరిచారు. చేత్తో అరగదీసిన కటకాలు, ఇత్తడి గొట్టాలు. కంటికి కనబడని దాన్ని మొట్టమొదట చూసినవాళ్ళు ఎటువంటి గాజు ముక్కలోంచి చూశారో నేను చూడాలి. మావారికి యంత్రాలంటే ఇష్టం కదా, ఆయనకూ బాగుంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆగిపోయిన మిక్సీకి రెండు మొట్టికాయలు వేయడం దాటి ఆయన ఇష్టం ఎన్నడూ ముందుకు పోలేదని నాకు తెలియనిది కాదు.

కోటు కొనుక్కుని ఇంటికి వస్తున్న బస్సులో అసలు సంగతి బయటపడింది. కిటికీ పక్కన కూర్చుని ఆ నాలుగు రోజులనూ ఊహించుకుంటున్నాను. మంచు తొక్కుకుంటూ నడుస్తున్నాను. నోటి నుంచి ఆవిరి వస్తోంది. ఎవరో కాచి తెచ్చిన కాఫీ తాగుతున్నాను. మ్యూజియంలో ఒక గాజు పెట్టె ముందు, ఎవరూ పిలవకుండా, కాళ్ళు నొప్పి పుట్టేదాకా నిలబడ్డాను. ఇంతలో మావారు ఎక్కడున్నారా అని వెతికాను. హోటల్ గదిలో నిద్రపోతూ కనబడ్డారు. ఆయన్ను అక్కడ పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేసి వచ్చింది నేనే. ఒడిలో ఉన్న కోటు సంచీ ఒక్కసారిగా బరువెక్కింది. ఆయన కోసమని నేను కొన్న గదిలో, ఆయన కోసమని నేను మిగిల్చింది ఒక దుప్పటి.

ఇది ఈనాటి అలవాటు కాదని ఆ బస్సులోనే ఒప్పుకున్నాను. నేను వినాలనుకున్న రేడియో మామగారి కాలక్షేపం కోసమని మా ఇంటికి వచ్చింది. నాకు నచ్చిన నీలిరంగు పరదాలు అత్తగారికి దుమ్ము పడదని వచ్చాయి. పొద్దున్నే ఒంటరిగా నడవాలన్న నా కోరిక, ఆయనకు షుగరు హద్దులో ఉండాలన్న మిషతో వీధిలోకి అడుగుపెట్టింది. ఆయన వారం నడిచి మానేశారు, నేను మానలేదు. నా కోరికకు నా పేరు పెడితే ఇంట్లో చర్చ మొదలవుతుంది, మరొకరి పేరు పెడితే ఏర్పాట్లు మొదలవుతాయి. దీన్ని కొందరు తెలివి అంటారు. నాకు మాత్రం ఆ సాయంత్రం దానికి మోసం అన్న మాట తప్ప మరొకటి దొరకలేదు. ఎందుకంటే మావారు చెడ్డవారు కారు. చెడ్డవారైతే ఇంత బాధ ఉండేది కాదు.

అత్తగారిని ఆ నాలుగు రోజులూ ఎవరో ఒకరు చూసుకోవాలి కాబట్టి మా తోడికోడలికి ఫోన్ చేయక తప్పలేదు.

"అక్కా, ఒక్క నాలుగు రోజులు అత్తయ్యగారిని మీ దగ్గర ఉంచుకుంటారా?"

"ఉంచుకోక గోడవతల పడేస్తానా? ఎక్కడికేంటి ప్రయాణం?"

చెప్పాను. ఎవరికీ చెప్పవద్దనీ చెప్పాను.  ఆవిడ నవ్వింది. "అమ్మ డాక్టరమ్మా, ఈ వయసులో హనీమూనా? మా ఇంటాయనకి నేను కూరలో ఉప్పు సరిగ్గా వేస్తే అదే సర్‌ప్రైజ్. సరే, మీ బావగారికి కూడా చెప్పనులే."

మా బావగారికి ఆ సాయంత్రమే తెలిసింది. మరునాడు మావారికి తెలిసింది.

ఆయన ఆఫీసు నుంచి పెందలాడే వచ్చారు. తిన్నగా వంటింటి గుమ్మంలోకి వచ్చి, నేను అందించకుండానే మంచినీళ్ళు ముంచుకుని తాగారు. ఇది మా ఇంట్లో సామాన్యంగా జరిగే విషయం కాదు.

"నాకంతా తెలిసిపోయిందోయ్. అన్నయ్య ఫోన్ చేశాడు." ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "నా జన్మలో నాకోసం ఇలా ఎవరూ చేయలేదు. మా అమ్మ కూడా."

ఆ తడి నేను చూడగలిగినంత సేపు చూశాను. తర్వాత పొయ్యి తగ్గించే పని కల్పించుకున్నాను.

"నీ సర్‌ప్రైజ్‌కి నా సర్‌ప్రైజ్ కూడా విను. అన్నయ్యా వదినా కూడా మనతో వస్తున్నారు. అమ్మనీ తీసుకెళ్దాం, పాపం ఆవిడ మాత్రం మంచు ఎప్పుడు చూసింది? గది నా పేరు మీదే ఉందిగా, హోటల్‌కి ఫోన్ చేసి రద్దు చేసేశాను. హాయిగా వంటగది ఉన్న ఫ్లాట్ దొరికింది. నీకూ సుఖం. బయటి తిండి అమ్మకి పడదు, నాకూ పడదు. ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది."

ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. పొయ్యి మారుతుంది, అంతే.

 ఏమనగలను? అది ఆయనకు నేనిచ్చిన కానుక. కానుక పుచ్చుకున్నవారు దాన్ని నలుగురితో పంచుకుంటే, అది వాళ్ళ మంచితనం. కాదనాలంటే అది కానుక కాదని చెప్పాలి. ఆ నాలుగు రోజులు దక్కించుకోవాలంటే, తడిసిన ఆ కళ్ళ ముందే నేను అబద్ధాలకోరునని ఒప్పుకోవాలి. రెండు రోజులు ఆ రెంటినీ తూచుకుంటూ గడిపాను. రెండు రోజులూ ఆయన నా వెనకాలే తిరిగారు, కొత్త పెళ్ళికొడుకులా. ఒక సాయంత్రం కూరగాయలు కూడా తరిగారు. ముక్కలు ఒక్కొక్కటి ఒక్కో ఆకారం. వాటిని చూస్తే నాకు నవ్వు రావలసింది. వాటిని అలాగే బాణలిలో వేశాను.

ఆదివారం బావగారు, తోడికోడలు భోజనానికి వచ్చారు. వడ్డన నాదే. నేను కూర్చునేసరికి వాళ్ళ కంచాల్లో చేతులు ఎండిపోయాయి, ప్రయాణం మాటలు మాత్రం సాగుతున్నాయి.

"కుక్కరు నేను పట్టుకొస్తాను. గరిటెలూ పోపుల డబ్బా నువ్వు సర్దు" అంది తోడికోడలు.

"పొద్దున్నే టిఫిను తినేసి బయల్దేరితే మళ్ళీ మధ్యాహ్నం భోజనానికి ఫ్లాటుకి వచ్చేయొచ్చు" అన్నారు బావగారు. "చలికి ఎక్కువసేపు తిరక్కూడదు."

"ఆ గాజు ముక్కల మ్యూజియం ఏదో ఉందట కదా, అది తీసేద్దాం" అన్నారు మావారు. "అమ్మ అంతసేపు నిలబడలేదు."

"మా డాక్టరమ్మ పక్కనుంటే నాకేం బెంగ లేదు. మందులన్నీ తనే చూసుకుంటుంది" అన్నారు అత్తగారు. గొంతులో ఆప్యాయతే ఉంది.

అన్నం కలుపుతున్న నా చేయి ఆగింది. నేను మాట్లాడబోతున్నానని నాకే ముందుగా తెలియలేదు.

"ఈ ప్రయాణం ఆయన కోసం కాదండీ" అన్నాను. "నాకోసం వేసుకున్నాను. ఆయన పేరు వాడుకున్నాను."

ఎవరికీ అర్థం కాలేదు. బావగారు తమ్ముడి వైపు చూశారు. మావారు నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయారు.

"అయితే ఇదంతా మావాడి పేరు చెప్పి నువ్వు ఊరేగడానికా?" అన్నారు అత్తగారు.

"అవునండీ."

"అంటే అక్కడ వంటకి ఎవరూ లేరన్నమాట" అంది తోడికోడలు. ఆ భోజనాల బల్ల దగ్గర విషయాన్ని సరిగ్గా పట్టుకున్నది ఆవిడొక్కతే.

వాళ్ళు త్వరగా వెళ్ళిపోయారు. అత్తగారు తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మావారు ముందు గదిలో పేపరు పట్టుకుని కూర్చున్నారు. పేజీ తిరగలేదు. గిన్నెలు తోమడం మధ్యలో వదిలేసి, చేతులు తుడుచుకుని, వెళ్ళి ఆయనకెదురుగా కూర్చున్నాను.

"నోరు తెరిచి అడిగితే నేను కాదనేవాణ్ణా?" అన్నారు.

"కాదనేవారు కాదు. ఇంతకుముందు అడిగినప్పుడూ కాదనలేదు. చూద్దాం అన్నారు."

ఆయనకు గుర్తొచ్చింది. గుర్తొచ్చినట్టు ఆయన దవడ కదలికలో తెలిసింది. ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఒక్కసారి కూడా కాదనలేదు. ఎన్నో చూద్దామన్నారు.

"అంటే నేను రావడం నీకు ఇష్టం లేదా?"

ఈ ప్రశ్నకే నేను భయపడ్డాను. అవునంటే నిజం కాదు, కాదంటే పూర్తి నిజం కాదు. "మీరు అక్కడ ఉంటే బాగుంటుంది" అన్నాను. "మీ ఆకలి, మీ నిద్ర, మీ అమ్మగారి మందులు నా మెదడులో లేకుండా ఉంటే. అవి లేకుండా మిమ్మల్ని ఎలా ఊహించుకోవాలో నాకు చేతకాలేదు. అది నా తప్పే. అబద్ధం ఆడటమూ నా తప్పే. క్షమించండి."

ఆయన కుర్చీలో ముడుచుకుపోయారు. చెంప మీద కొట్టినా అంత ముడుచుకునేవారు కాదు. ఆ ముడుచుకోవడం చూస్తుంటే వెనక్కి తగ్గాలని, ఫ్లాటు బాగుంటుందిలెండి అనాలని, నా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాను. ఫోన్ తీసి, ఆయన చూస్తుండగానే, అదే హోటల్లో ఒక్క మనిషికి సరిపడే గది తీసుకున్నాను. ఎవరి పేరు మీద అన్న చోట నా పేరు రాశాను.

"ఆ హోటల్లో ఇంకో గది ఖాళీగా ఉందేమో" అన్నారు ఆయన, నేలను చూస్తూ. "నాక్కూడా ఒకటి చూసిపెట్టు."

ఆ గొంతులో అంత దీనత్వం నేనెప్పుడూ వినలేదు. నా వేలు తెర మీదికి వెళ్ళింది కూడా. వెనక్కి తీసుకున్నాను.

"మీ ఫోన్లోనూ కనబడుతుందండీ" అన్నాను.

ఆయన జేబులు తడుముకుంటున్నారు. కళ్ళజోడు ఎక్కడుందో నాకు తెలుసు, చెప్పలేదు. అంత చిన్న విషయం చెప్పనందుకే తప్పు చేసినట్టనిపించింది. ఈ అపరాధ భావం నన్ను వదలదు, నాతోపాటు ఆ నగరానికీ వస్తుంది. రానివ్వండి. మా ఇంటి మొత్తం మీద నన్ను వండిపెట్టమని అడగనిది అదొక్కటే.