చక్రాలక్క ఖాళీ గది

దానమిచ్చిన ఆవుకి పళ్ళు ఎంచకూడదంటారు. నా ఉద్యోగమే పళ్ళు ఎంచడం. మా జిల్లాలోని సేవాసంస్థలన్నీ కలిసి పెట్టుకున్న సమాఖ్యలో నేను పరిశీలకురాలిని. ఏ సంస్థ గట్టిగా ఉంది, ఏది నీరసించింది, దేనికి ఏ ఆసరా కావాలి అని చూసి నూటికి మార్కులు వేయాలి. "పుణ్యానికి కూడా పరీక్షలు పెట్టే మహాతల్లివి" అంటాడు మా ఆయన.

ఆ మంగళవారం చక్రాలక్క దగ్గరికి వెళ్ళాను. ఆవిడ రిటైరైన నర్సు. జబ్బుపడ్డవాళ్ళకి చక్రాల కుర్చీలు వాడుకోడానికి ఇస్తుంది కాబట్టి ఆ పేరు. సమాఖ్య ఇచ్చిన గదిలోనే ఆవిడ సంస్థ. యాభై మార్కులు రాకపోతే గది ఇంకొకరికి పోతుంది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

గదిలో ఒక బల్ల, రెండు స్టూళ్ళు, గోడకి క్యాలెండరు. అంతే.

"కుర్చీలేవక్కా?"

"తిరుగుతున్నాయి. పదకొండున్నాయి."

"తిరిగి ఎప్పుడొస్తాయి?"

"రావమ్మా" అంది, అంత మాత్రం తెలీదా అన్నట్టు.

కొంప మునిగిందనుకున్నాను. నిల్వకి ఇరవై మార్కులు. ఖాళీ గదికి సున్నా తప్ప ఏం వేస్తాను? పోయిన వారం పక్క వీధి సంస్థలో నలభై కుర్చీలు, కవర్లయినా విప్పకుండా వరసగా పేర్చి ఉన్నాయి. మూడు పత్రాలు తెచ్చినవాళ్ళకే ఇస్తామన్నారు. భేష్ అని ఇరవైకి ఇరవై వేసి వచ్చాను.

కానీ రావంటే ఏమిటి? ఆ మాట నన్ను వదల్లేదు. ఎవరి దగ్గరున్నాయో చూపించమన్నాను. ఆవిడ గొడుగు తీసుకుని ముందు నడిచింది.

మొదటి ఇల్లు దర్జీది. కాలు విరిగి రెండు నెలలు కుర్చీలోనే ఉన్నాడట.

"మరి కుర్చీ?" అన్నాను.

"నేనే తోసుకెళ్ళి బేకరీ ఆయన అత్తగారికి ఇచ్చొచ్చానండీ. అక్క షరతే అది. అవసరం తీరాక గదికి తేకూడదు, తర్వాతి వాళ్ళింటికి మనమే చేర్చాలి. ఎలా ఎక్కాలో, ఎలా దిగాలో నేర్పి మరీ రావాలి."

తీగ లాగితే డొంకంతా కదిలింది. ఆ అత్తగారు ఇప్పుడు లేచి తిరుగుతోంది. బ్రేకు బిగుసుకుంటుందని, ఎడమచేత్తో నొక్కాలని, తన తర్వాత కుర్చీ అందుకున్న ఒక డ్రైవరు తండ్రికి తనెలా నేర్పిందో నాకూ చేసి చూపించింది. డ్రైవరు ఇంట్లో కుర్చీ దొరికింది. అందులో ఉన్న పెద్దాయన నా చేతిలో ఫారం చూసి, "అప్పుడే తీసుకెళ్ళిపోతారా అమ్మా?" అన్నాడు. నాకు సిగ్గేసింది.

తిరిగొస్తూ ఉన్నమాట చెప్పేశాను. "అక్కా, ఎంత లాగినా మార్కులు నలభై రెండే వస్తున్నాయి. ఖాళీ గది మీకెందుకంటారు పైవాళ్ళు."

"అడగందే అమ్మయినా పెట్టదు కదమ్మా. అడగడానికొచ్చేవాళ్ళకి ఒక గుమ్మం ఉండొద్దూ?" అంది ఆవిడ. "ఇంకా తొమ్మిదిమంది ఎదురుచూస్తున్నారు. రేపొచ్చి తలుపుకి తాళం చూస్తే ఎక్కడికి పోతారు? ఇంతకీ ఎవరికిస్తారు గది?"

చెప్పకూడదు గానీ నోరు ఆగలేదు. "పక్క వీధి వాళ్ళకి. నలభై కుర్చీలు పెట్టుకోడానికి చోటు చాలట్లేదట."

ఆవిడ ఠక్కున ఆగిపోయింది. "ఎన్నీ?"

"నలభై."

గొడుగు ముడిచింది. "అయితే ఇక్కడే పెట్టుకోమనండమ్మా. గది వాళ్ళదే అనుకోమనండి. తాళంచెవి మాత్రం నా దగ్గరుండాలి. ఎవరికివ్వాలో కూడా నేనే చూసుకుంటాను."

ఫారం చివర 'బలపరచడానికి సూచనలు' అని నాలుగు గీతలుంటాయి. ఎప్పుడూ 'శిక్షణ అవసరం' అని రాసి సంతకం పెట్టేస్తాను. ఈసారి ఆవిడ మాట ఉన్నదున్నట్టు రాశాను. పైవాళ్ళు గొణిగారు. పక్క వీధి వాళ్ళు మాత్రం వెంటనే ఒప్పుకున్నారు. వాళ్ళకి రోజూ వచ్చి తలుపు తీసే మనిషి ఎలాగూ లేడు.

శుక్రవారం నలభై కుర్చీలూ గదిలోకి దిగాయి. సోమవారం వెళ్ళి చూస్తే ముప్పై ఒకటే మిగిలాయి. గుమ్మం ముందు మరో ఇద్దరు అడగడానికి నిలబడి ఉన్నారు.