మామయ్యని చివర ఆపాలి

మా కోడలు దొరికినదానికల్లా పేరు పెడుతుంది. మిక్సీకి పేరుంది, ఆగి ఆగి నడిచే గోడ గడియారానికి పేరుంది. కంప్యూటర్లకు మా ఇంటి వరసలు పెట్టిందని తెలిసినప్పుడు నాకేం ఆశ్చర్యం కలగలేదు. ఒళ్ళు మాత్రం మండింది.

ఇంటి వెనక ఇస్త్రీ చేసుకునే చిన్న గదిలో బల్ల మీద ఒక పాత కంప్యూటర్ పెట్టె పెట్టుకుంది. ఆఫీసులో మూల పడేసినదాన్ని అడిగి తెచ్చుకుంది. తను రాయబోయే పరీక్ష అయ్యాక తిరిగి ఇచ్చేయాలి.

"ఉన్నది ఒక్క పెట్టె. నాలుగు కంప్యూటర్లంటావేంటి?" అన్నాను.

"పెట్టె ఒకటే అత్తయ్యా. లోపల నాలుగు ఉన్నట్టు నడుస్తాయి. ఒకే ఇంట్లో నాలుగు కాపురాలనుకోండి. ఎవరి గది వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది. ఒకటి పాడైనా మిగతావి చెక్కుచెదరవు."

"పాడుచెయ్యడానికా ఇంత తంటా?"

"పాడుచేసి, బాగుచెయ్యడానికి."

బయటినుంచి ఎవరొచ్చినా నిలదీసి, నచ్చితేనే లోపలికి వదిలేదాని పేరు 'అత్తయ్య'. చెప్పిన పని ఒక్క పట్టాన చెయ్యనిదాని పేరు 'ఆయన', అంటే మా అబ్బాయి. ఇంకోటి 'నేను'. అందరి చిరునామాలూ తెలిసినది, ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ముందు వెళ్ళి అడగాల్సినది 'మామయ్య'.

మా ఆయన పోస్ట్‌మాన్. ముప్పై రెండేళ్ళు ఒకే పేటలో ఉత్తరాలు పంచారు. ఇల్లు మారినవాళ్ళ కొత్త చిరునామా కూడా ఆయన్ని అడిగితే టక్కున చెప్పేవారు. నాలుగేళ్ళ కిందట ఒక మామూలు మధ్యాహ్నం, భుజాన సంచీ ఉండగానే, ఎవరి గుమ్మం ముందో కూలబడిపోయారు. అప్పట్లో నేను ఆసుపత్రిలో నర్సుని, ఆ రోజు తెల్లవారుజామునే డ్యూటీకి వెళ్ళిపోయాను. రోజూ చెప్పులేసుకుంటూ "వెళ్ళొస్తా" అనే ఆయన మాట ఆ రోజు నా చెవిన పడలేదు. ఎంతమంది చివరి మాట విన్నానో లెక్కలేదు, మా ఆయనది వినలేదు. అప్పటికి ఈ కోడలు పిల్ల మా ఇంటికొచ్చి ఏడాది, మామయ్యంటే తనకి ప్రాణం. అందుకే, తిట్టడానికి తెరిచిన నోరు మూసుకున్నాను.

కోడలు చేసేది ఫోన్ ఉద్యోగం. పొద్దుటినుంచి సాయంత్రం దాకా "పాస్‌వర్డ్ మర్చిపోయాను", "తెర నల్లగా ఉంది" అనేవాళ్ళ చేత తిట్లు తినడం. ఈమధ్య సర్వర్ల గదిలో ఒక ఖాళీ వచ్చింది. సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ కుర్చీ నీదే అన్నాడు పై అధికారి. పరీక్ష ఒకసారి రాసింది, తప్పింది. పుస్తకం మొత్తం కంఠతా వచ్చు. కానీ చెడిపోయిన వ్యవస్థని ఎదురుగా పెట్టి బాగుచెయ్యమనేసరికి చేతులు ఆడలేదట. ఇంక మిగిలింది ఒక్క అవకాశమే. అదీ తప్పితే ఆ కుర్చీలో బయటి మనిషి కూర్చుంటాడు, మా పిల్ల మళ్ళీ ఆ ఫోనుకే.

అందుకని ఆఫీసునుంచి రాగానే ఆ గదిలోకి దూరేది. మావాడు మందుల కంపెనీ వ్యాను నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే. తనకి టీ అందించేదీ, వెన్ను నిటారుగా పెట్టి కూర్చోమని కసిరేదీ నేనే.

"పెట్టెని మాత్రం ముట్టుకోకండి అత్తయ్యా" అని మొదటి రోజే చెప్పింది. నేను ముట్టుకోలేదు. ఒట్టు.

నాకో అలవాటుంది. గుమ్మం దాటే ముందు ఇంట్లో స్విచ్చులన్నీ ఆపుతాను. ఆసుపత్రి బట్టల గదిలో ఎవరో ఇస్త్రీ పెట్టె ఆపకుండా వెళ్ళిపోతే ఏం జరిగిందో కళ్ళారా చూసినదాన్ని. వంటగదితో మొదలుపెట్టి వరసగా టక్ టక్ టక్. చేతికి చెప్పక్కర్లేదు, అదే పోతుంది. పరీక్ష ఇంక పదకొండు రోజులుందనగా, పిల్ల ఆఫీసుకి వెళ్ళాక, నేను కళ్ళ డాక్టర్ దగ్గరికి బయలుదేరాను. పెట్టె జోలికి పోలేదు. గోడ మీది స్విచ్చు ఆపానంతే.

తిరిగొచ్చి తలుపు తీస్తే ఇల్లు మరీ చప్పుడు లేకుండా ఉంది. ఆ పెట్టెలో ఫ్యాను రొద వినపడటం లేదు. పరుగున వెళ్ళి స్విచ్చు వేశాను, ఫ్యాను గిర్రున తిరిగింది. హమ్మయ్య, టీవీ లాంటిదే అనుకుని కూరగాయలు తరగడానికి కూర్చున్నాను.

సాయంత్రం గదిలోంచి తన గొంతు వినిపించింది. "అత్తయ్యా... మామయ్య లేవడం లేదు."

కంప్యూటర్ గురించే అంటోందని తెలుసు. అయినా చేతిలో కత్తి కింద పెట్టేశాను. మా ఆయన కూలబడిన రోజు ఆసుపత్రికి ఫోన్ చేసినాయన కూడా "లేవడం లేదమ్మా" అనే అన్నాడు.

వెళ్ళి చూస్తే తెర నిండా తెల్ల అక్షరాలు. పిల్ల కళ్ళు తుడుచుకుంటోంది. "నిన్న ఏదో మార్చాను, నేనే చెడగొట్టుకున్నాను. ఇంత చదివీ ఏంటి లాభం? నాకీ పని రాదత్తయ్యా. రాదు, అంతే."

"ఏడుపు తర్వాత," అన్నాను. రోగి మంచం పక్కన ఏడ్చేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. వార్డులో అడిగే ప్రశ్నలే నోట్లోంచి వచ్చేశాయి. "చివరిసారి బాగున్నదెప్పుడు?"

"పొద్దున ఎనిమిదింటికి."

"అప్పుడేమైనా తేడా కనిపించిందా?"

"లేదు."

"ఆ తర్వాత ఎవరు ముట్టుకున్నారు?"

అడిగేశాక గోడ మీది స్విచ్చు వైపు చూశాను.

నా తప్పుని ఇంకో నర్సు మీదికి నేనెప్పుడూ నెట్టలేదు. ఇప్పుడు నోరు మెదపకపోతే నాకొచ్చే నష్టం ఏమీ లేదు. కానీ తన చేతకానితనమే అనుకుంటూ ఈ పిల్ల పరీక్ష గదిలోకి వెళ్తుంది.

"నేనే ఆపాను. గోడ మీది స్విచ్చు. తర్వాత వేసేసి, ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది. నా వైపు తిరిగింది.

"అంటే, నా తప్పు కాదా?"

"కాదు."

"నేను చేసిందంతా సరిగ్గానే ఉందా?"

"ఉండబట్టే కదా, నేను ఆపేదాకా నడిచింది."

ముక్కు తుడుచుకుని కుర్చీ ముందుకి లాక్కుంది.

పని మధ్యలో కరెంటు పోయేసరికి చిరునామాల పుస్తకం చెడిందట. మామయ్య ఆ సాయంత్రం లేవలేదు, మర్నాడూ లేవలేదు. మొదట్లో తీసి దాచిన స్నాప్‌షాట్ ఒకటుంది. అంటే ఆ క్షణానికి ఎలా ఉన్నదో అలా ఫోటో తీసి పెట్టుకోవడమట. దాన్ని నిలబెట్టి, ఆ తర్వాత మూడు వారాల్లో చేసిన పనంతా మళ్ళీ చేసింది. నేను పక్కన కూర్చుని కేస్ షీట్ రాశాను. ఏ టైముకి ఏం చేసింది, చేస్తే ఏమైంది. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. రాత మాత్రం గుండ్రంగా రాశాను. మూడో సాయంత్రం 'ఆయన' చిరునామా అడిగాడు, మామయ్య చెప్పారు.

పిల్ల వెంటనే ఇంకో స్నాప్‌షాట్ తీసి దాచి, నా వైపు తిరిగింది. "అత్తయ్యా, మళ్ళీ ఆపండి."

"మతి గాని పోయిందా?"

"ఈసారి ఎప్పుడు ఆపుతారో, ఏం చేస్తారో నాకు చెప్పకండి. పరీక్షలోనూ చెప్పరు."

ఈ పనికోసమే పుట్టానేమోననిపించింది. ఒకరోజు స్విచ్చు ఆపాను. ఇంకోరోజు వెనకాల తీగ సగం ఊడదీసి, తగిలించినట్టే కనపడేలా వదిలాను. తనే నేర్పిన నాలుగు మాటలు కీబోర్డు మీద కొట్టి, 'అత్తయ్య' చేత అందరినీ గుమ్మం బయటే నిలబెట్టించాను. అది కనుక్కోవడానికి తనకి గంట పట్టింది.

"ఇంత దుర్మార్గం ఎక్కడ నేర్చుకున్నారు?"

"మా అత్తగారి దగ్గర."

మొదటి రెండు రోజులూ తెర మీద తప్పు కనపడగానే పుస్తకం తిరగెయ్యడం మొదలుపెట్టేది. ఆరో రోజు కుర్చీలో కూర్చుంటూనే, "చివరిసారి బాగున్నదెప్పుడు?" అని తనలో తను అనుకోవడం విన్నాను. వంటగదిలోకి వెళ్ళి తన టీలో ఇంకో చెంచా చక్కెర వేశాను. అంత గర్వంగా నాకు ఈమధ్యెప్పుడూ లేదు.

పరీక్ష రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. "అత్తయ్యా" అని, ఇంక మాట రాక వెక్కిళ్ళు పెట్టింది.

"ఏడుపు తర్వాత. ముందు చెప్పు."

"పాసయ్యాను."

అప్పుడు ఇద్దరం కలిసి ఏడ్చాం.

పెట్టె తిరిగి ఇచ్చేసే రోజు పొద్దున, తను ఒక్కోదాన్నీ ఆపుతుంటే నేను తలుపు దగ్గర నిలబడ్డాను. 'నేను' ఆగింది. 'ఆయన' ఆగాడు. 'అత్తయ్య' కాస్త మొరాయించి ఆగింది.

"మామయ్యని చివర ఆపాలి," అంది పిల్ల. "ముందే ఆపేస్తే మిగతావాళ్ళు దారి తెలీక వెతుక్కుంటారు."

నాలుగేళ్ళుగా మేం చేసిందీ ఆ వెతుక్కోవడమే అనిపించింది. "నువ్వు లే," అన్నాను.

కుర్చీలో కూర్చున్నాను. తను చెప్పిన మాట ఒక్కో అక్షరం వెతికి కొట్టాను. నిజంగానే ఆపాలా అని తెర మీద అడిగింది. అవునని నొక్కాను. తెర మీద వరస తర్వాత వరస పైకి జరుగుతోంది.

"ఏమంటున్నారు?"

"ఒక్కో పనీ ముగించుకుంటున్నారత్తయ్యా. చిరునామాల పుస్తకం మూసేశారు. తలుపులన్నీ వేసేశారు." వంగి నా భుజం మీద చెయ్యి వేసింది. "ఇదిగో, ఇది చివరి మాట."

"చదువు."

"అన్నీ సర్దేశాను, ఇంక ఆగిపోతున్నాను అంటున్నారు."

తెర నల్లబడింది.

"వెళ్ళి రండి," అన్నాను.

గోడ మీది స్విచ్చు కోడలు ఆపింది.